పాత్‌పింగ్‌తో నాలుగేళ్లు

నెట్‌లో తేడా వస్తే ఎక్కడుందో పట్టుకోవడానికి విండోస్‌లో కొన్ని కమాండ్లున్నాయి. వాటిలో పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందో లేదో అడిగి చూసేది), ఐపీకాన్ఫిగ్ గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు, అందరూ వాడేవే. నేను మనసు పారేసుకున్నది పాత్‌పింగ్ మీద. మన కంప్యూటర్ నుంచి అవతలి చోటి దాకా దారిలో డేటా ఎక్కడ పోతోందో చూపించే కమాండ్ ఇది. విండోస్‌లో ఎన్నో ఏళ్లుగా ఓ మూల పడి ఉంది, పలకరించేవాళ్లే తక్కువ.

ముందే చెప్తున్నా, దీనికి ఓపిక కావాలి. దారిలో ఎన్ని హాప్‌లుంటే (హాప్ అంటే దారిలో తగిలే ఒక్కో రౌటర్ లాంటి మజిలీ) అన్ని 25 సెకన్లు. ఒక్కోదానికి వంద ప్యాకెట్లు, అంటే చిన్న చిన్న డేటా ముక్కలు పంపి, ఎన్ని తిరిగి రాలేదో లెక్క కడుతుంది. పది హాప్‌లంటే నాలుగు నిమిషాల పైమాటే. ఈలోపు టీ పెట్టుకుని రావచ్చు. కమాండ్ పక్కన మైనస్ ఎన్ (-n) పెట్టకపోతే ఆ హాప్‌ల పేర్లు వెతుక్కుంటూ ఇంకాస్త ఆలస్యం చేస్తుంది.

ఇంత ప్రేమ ఎందుకంటారా? మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర. రెండేళ్ల కిందట సాయంత్రం మీటింగుల్లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్లేది. నెట్ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను. రౌటర్ కూడా మార్చి వెళ్లారు. ఫలితం సున్నా. చివరికి గూగుల్ సర్వర్ 8.8.8.8కి పాత్‌పింగ్ కొట్టి, వచ్చినదంతా ఫైల్‌లోకి పంపి చూశాను. మూడో హాప్ దగ్గర 100కి 100 గల్లంతు! దొరికాడు దొంగ అనుకున్నాను. ఆ కాగితం ప్రింట్ తీసి మరీ, ఇంటికొచ్చిన టెక్నీషియన్ మీద గట్టిగానే అరిచాను.

కుర్రాడు పాతికేళ్లుంటాడేమో. నేను అరవడం ఆపేదాకా ఆగి, కాగితం తీసుకున్నాడు.

‘‘సార్, మూడో దగ్గర వందకి వందా పోతే నాలుగో దాని దాకా ఒక్కటైనా వెళ్తుందా? ఇక్కడ చూడండి, 88 వెళ్లి వచ్చాయి. ఆ మూడోది పింగ్‌కి జవాబివ్వదంతే, ప్యాకెట్లను ముందుకి పంపుతూనే ఉంది. మీరు చూడాల్సింది ఇదీ’’ అంటూ పైన మొదటి నిలువు గీత ఉన్న వరుస మీద వేలు పెట్టాడు.

అక్కడ 12/100 అని ఉంది. ఆ గీత వరుసలు ఒక హాప్‌కీ తర్వాతి హాప్‌కీ మధ్యనున్న లింకువి. మొదటి గీత అంటే నా కంప్యూటర్‌కీ నా రౌటర్‌కీ మధ్య. అంటే గొడవ మా ఇంట్లోనే!

హాల్లో రౌటర్, వెనక గదిలో నా టేబుల్. మధ్యలో ల్యాన్ వైరు బాల్కనీ మీదుగా వెళ్తుంది, పొడవు చాలక అక్కడో జాయింటర్ పెట్టి అతికించాం. అది విప్పితే లోపలి రాగి పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఇక్కడి ఉప్పుగాలికి గేట్లూ గ్రిల్సే ఆగవు, అదెంత! జాయింటర్ తీసేసి అతుకు లేని ఒకే వైరు వేయించాక ఆ గీత పక్కన సున్నా వచ్చింది. టెక్నీషియన్‌కి సారీ చెప్పాను. టీ ఇస్తే తాగాడు కానీ, నా మొహం చూసి నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

పైన అంత పొగిడాను గానీ, ఇది చూపించే అంకెలు చదవడం రాకపోతే నాలాగే తప్పు మనిషి మీద పడతారు. ఇంకోటి, కొలుస్తున్న ఆ నాలుగు నిమిషాల్లోనే తేడా జరగాలి. రోజులో రెండుసార్లు పది సెకన్లు పోయే లైనుకి ఇది పనికిరాదు. దానికి స్క్రీన్ మీద రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో రౌటర్‌కి, ఇంకోదాంట్లో బయటి సర్వర్‌కి పింగ్ మైనస్ టీ (ఆపేదాకా ఆగని పింగ్) పెట్టి వదిలేయడమే మేలు. రెండూ ఆగితే లోపం ఇంట్లో, బయటిది మాత్రమే ఆగితే లైన్‌లో. అయితే విండోస్ పింగ్ టైమ్ వేసి చావదు, గోడ గడియారం చూసి రాసుకోవాలి. లినక్స్ వాడేవాళ్లకి ఇలాంటి పనికే ఎమ్‌టీఆర్ అనే కమాండ్ ఉంది, అది ఆగకుండా లెక్క చూపిస్తూ పోతుంది. దాన్ని చూస్తే కొంచెం కుళ్లు పుడుతుంది.

నాకు పాత్‌పింగ్ చాలు, ఎందుకంటే నాది వైరు కనెక్షన్, ఇంటి నుంచే పని, నాలుగు నిమిషాలు ఆగే తీరికుంది. ఇంట్లో అంతా ఫోన్‌లోనే నెట్ చూసేవాళ్లయితే దీని జోలికి వెళ్లక్కర్లేదు. మా అబ్బాయి అయితే వైఫై స్లో అయిందంటే ఇప్పటికీ రౌటర్ ఆపి ఆన్ చేస్తాడు, సగం సార్లు పని కూడా అవుతుంది.

నిన్న రాత్రి మళ్లీ ఆ మొదటి గీత పక్కన 2 కనిపించింది. ఆదివారం రౌటర్ వైపు పిన్ను పీకి చూడాలి.