స్టాక్ రోమ్ వేయించుకునేవాళ్లు జాగ్రత్త: "లాక్ చేసి ఇస్తా బ్రో" అంటే నమ్మకండి

మన ఫ్లాషింగ్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చుకునే) గ్రూపులో "అన్‌రూట్, స్టాక్ రోమ్, బూట్‌లోడర్ లాక్, అన్నీ ఎనీడెస్క్‌లోనే" అని రోజూ పోస్టు పెట్టే పెద్దమనిషి ఎవరో మీ అందరికీ తెలుసు. (కొత్తవాళ్లకి: రూట్ అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, అన్‌రూట్ అంటే దాన్ని తీసేయడం. స్టాక్ రోమ్ అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్. బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ చేయగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే ప్రోగ్రామ్, దానికి లాక్ ఉంటే బయటి రోమ్ వేయనివ్వదు. ఎనీడెస్క్ అంటే దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపించే యాప్.) పేరు రాయడం లేదు, రాస్తే ఈ పోస్టు కూడా లేచిపోతుంది. ఆయనకి ఎవరూ డబ్బులు పంపకండి. మీది చైనా పీస్ (చైనాలో అమ్మడానికి తయారైన ఫోన్) అయితే అసలు ఆ వైపే చూడకండి. నిన్న రాత్రి నా ఫోన్‌ని నా ల్యాప్‌టాప్ మీదే, నేను చూస్తుండగానే చంపేశాడు. పైగా నన్నే తిట్టాడు.

సంగతి టూకీగా చెప్తా. ఫోన్ రెడ్‌మీ కే20 ప్రో, 2019 మోడల్. పైనుంచి లేచే సెల్ఫీ కెమెరా ఉంటుందే, అదే. మా బావ షెన్‌జెన్‌లో పని మీద ఉన్నప్పుడు అక్కడే కొన్నాడు. తనే బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, కొన్నాళ్లు వాడి నాకిచ్చాడు. దాంట్లో కస్టమ్ రోమ్ (బయటివాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్), మ్యాజిస్క్ (రూట్ చేసే టూల్) వేసుకుని హాయిగా వాడుకున్నా. యాడ్స్ గోల లేదు, కాల్ రికార్డింగ్ ఉంది, ఇంకేం కావాలి? కానీ బ్యాంకు యాప్ తెరిస్తే "మీ డివైస్ రూట్ అయింది" అని మూసుకుపోవడం మొదలైంది. రూట్‌ని దాచే మాడ్యూల్స్ వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, ఏదో ఒక అప్‌డేట్ రాగానే మళ్లీ మొదటికి. కిరాణా కొట్టు దగ్గర స్కాన్ చేసి తలవంచుకుని నిలబడటం ఎన్నిసార్లని? విసుగొచ్చి, అన్నీ తీసేసి కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే వెళ్లిపోదాం అనుకున్నా.

స్టాక్ రోమ్ వేయడం నాకు రాక కాదు. భయమంతా లాక్ దగ్గరే. కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: షియోమీ ఫోన్లలో చైనా కోసం తయారైన పీస్ మీద గ్లోబల్ రోమో ఇండియా రోమో వేసుకోవచ్చు, బూట్‌లోడర్ అన్‌లాక్‌గా ఉన్నంతకాలం శుభ్రంగా నడుస్తుంది. అదే రోమ్ ఉంచి బూట్‌లోడర్ లాక్ చేశారా, ఫోన్ లేవదు. రికవరీలో (ఫోన్ మామూలుగా లేవనప్పుడు వచ్చే స్క్రీన్) ఆగిపోయి "ఈ ఎంఐయూఐ వెర్షన్‌ని ఈ డివైస్‌లో ఇన్‌స్టాల్ చేయడం కుదరదు" అని ఇంగ్లీషులో ఒక లైను చూపిస్తుంది (ఎంఐయూఐ అంటే షియోమీ సాఫ్ట్‌వేర్). అంతే, అక్కడితో సరి. చైనా పీస్‌ని లాక్ చేయాలంటే చైనా రోమ్ వేసే చేయాలి. ఇండియా రోమే కావాలంటే అన్‌లాక్‌గానే వదిలేయాలి, అప్పుడు బ్యాంకు యాప్ గొడవ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మూడో దారి లేదు.

ఇదంతా తెలిసే, అనుభవం ఉన్నవాడి చేతిలో పెడితే మంచిదని ఆయనకి మెసేజ్ పెట్టా. మొదటి మెసేజ్‌లోనే "చైనా పీస్ అన్నా, లాక్ విషయం జాగ్రత్త" అని రాశాను. బాక్సు మీద స్టిక్కర్ ఫోటో కూడా పంపాను. దానికి జవాబు: "ఏ పీస్ అయినా ఒకటే బ్రో. రోజూ చేసే పనే. 1,800 వేసెయ్." వేసేశాను. యూపీఐలో వచ్చిన పేరు వేరే, గ్రూపులో పెట్టుకున్న పేరు వేరే. అక్కడే ఆగాలి కదా? అబ్బే, మన తెలివికి అలాంటివి ఆనతాయా!

రాత్రి ఎనీడెస్క్ కలిపాడు. నా ల్యాప్‌టాప్‌లో ఎంఐ ఫ్లాష్ (షియోమీ ఫోన్లలో రోమ్ ఎక్కించే ప్రోగ్రామ్) పెట్టాడు, తన డ్రైవ్ నుంచి రోమ్ దింపాడు, విప్పాడు. ఫోల్డర్ పేరు చూస్తే "రాఫేలిన్" అని మొదలైంది. మన చైనా పీస్‌కి రావాల్సింది "రాఫేల్", ఈ మోడల్ కోడ్ పేరు అది. చివర ఆ "ఇన్" ఉందంటే ఇండియా రోమ్ అన్నమాట. సరే, లాక్ చేయకుండా వదిలేస్తాడేమో, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు కదా అనుకున్నా.

ఎంఐ ఫ్లాష్ వాడినవాళ్లకి తెలుసు, విండో కింద మూడు ఆప్షన్లుంటాయి. క్లీన్ ఆల్, సేవ్ యూజర్ డేటా, క్లీన్ ఆల్ అండ్ లాక్. మనం ముట్టుకోకపోతే చుక్క ఆ మూడోదాని మీదే ఉంటుంది. ఎంతమంది ఫోన్లు దాని పాలబడ్డాయో లెక్కలేదు. ఆయన మౌస్ దాని దరిదాపులకి కూడా వెళ్లలేదు, నేరుగా ఫ్లాష్ బటన్ మీదకి పోతోంది. వెంటనే నోట్‌ప్యాడ్ తెరిచి టైప్ చేశాను: "అన్నా, కింద లాక్ ఆప్షన్ ఉంది, మార్చండి. ఇది చైనా పీస్."

మౌస్ ఆగింది. చదివాడు. అంటే చూడలేదు అనడానికి వీల్లేదు, నోట్‌ప్యాడ్ స్క్రీన్ మధ్యలో ఉంది. దాని కిందే టైప్ చేశాడు: "నువ్వు చేస్తావా నేను చెయ్యాలా?"

నేను: "అది కాదన్నా, లాక్ అయితే లేవదు కదా."

ఆయన: "నాకు నేర్పకు బ్రో. ఇలాంటివి వెయ్యి చేశా. చేతులు దూరం పెట్టుకో."

నోట్‌ప్యాడ్ మూసేశాడు. సేవ్ చేయాలా అని అడిగితే వద్దు అని నొక్కాడు. ఫ్లాష్ కొట్టాడు. ఆకుపచ్చ బార్ కదలడం మొదలైంది.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఫోన్ చనిపోయినందుకు కాదు, పాత ఫోన్, ఏదో రోజు పోయేదే. చెప్పాను. ముందే చెప్పాను, ఫోటో పెట్టి చెప్పాను, నొక్కబోయే క్షణంలో కూడా టైప్ చేసి చెప్పాను. చదివి మరీ నొక్కాడు. తెలియక చేసినవాడైతే "అయ్యో" అంటాడు. ఈయన నోట్‌ప్యాడ్‌ని సేవ్ చేయకుండా మూసిన తీరు చూస్తే నాకైతే వేరేలా అనిపించింది. నిరూపించలేను, కానీ తర్వాత అడిగిన డబ్బులు చూశాక మీరే చెప్పండి.

ఇంకో విషయం. ఎంఐ ఫ్లాష్ నడిపే స్క్రిప్టులో (కమాండ్ల వరసలో) లాక్ చేసే కమాండ్ చివర్లో వస్తుంది. ఇమేజ్‌లన్నీ (రోమ్ ఫైళ్లు) రాశాక, అప్పుడు లాక్. మధ్యలో కేబుల్ పీకేసి ఉంటే ఫోన్ సగం రోమ్‌తో నిలబడేది, కానీ బూట్‌లోడర్ అన్‌లాక్‌గానే ఉండేది, ఫాస్ట్‌బూట్‌లోకి (కంప్యూటర్ నుంచి రోమ్ రాసే మోడ్) తెచ్చి మళ్లీ రాసుకునేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి కేబుల్ మీదే ఉంది కూడా. "ఫ్లాషింగ్ మధ్యలో వైరు తీయకూడదు" అని ఏళ్ల తరబడి కొత్తవాళ్లకి మనం చేసిన ఉపదేశం ఉంది చూశారా, అది అడ్డొచ్చింది. బుద్ధిగా కూర్చుని నా ఫోన్ అంత్యక్రియలకి నేనే లైట్ పట్టుకున్నట్టయింది.

సక్సెస్ అని వచ్చింది. ఫోన్ రీస్టార్ట్ అయింది, లోగో వచ్చింది, రికవరీలోకి పోయింది, ఆ లైను చూపించింది. ఆయన ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎనీడెస్క్ తెగిపోయింది. కాసేపటికి మెసేజ్: "హార్డ్‌వేర్ ప్రాబ్లం బ్రో. ఈడీఎల్‌లో చేయాలి. ఆథ్ అకౌంట్ కావాలి. 3,500 అవుతుంది."

చూశారా! షియోమీ ఫోన్‌ని ఈడీఎల్ మోడ్‌లో (ఫోన్ లేవకపోయినా నేరుగా రాసే ఎమర్జెన్సీ మోడ్) ఫ్లాష్ చేయాలంటే కంపెనీ అనుమతి ఉన్న అకౌంట్ కావాలి, ఆథ్ అకౌంట్ అంటే అదే. అలాంటి అకౌంట్లు చేతిలో పెట్టుకుని బయట రేటు కట్టి అమ్ముకునేవాళ్లున్నారు. 1,800కి లాక్ చేసి చంపడం, 3,500కి లేపడం. దీనికి హార్డ్‌వేర్ ప్రాబ్లం అని పేరు.

"చెప్పాను కదా లాక్ చేయొద్దని, డబ్బులు వెనక్కి ఇవ్వండి" అని రాస్తే వాయిస్ మెసేజ్ పెట్టాడు. నవ్వుతూ. "చైనా డబ్బా పట్టుకొచ్చి మాకు రూల్స్ చెప్తావేంటి, కొత్త ఫోన్ కొనుక్కో పో" అని. అదే వాయిస్‌ని గ్రూపులో పెడదామని వెళ్తే అప్పటికే నన్ను తీసేశారు. అడ్మిన్‌కి విడిగా మెసేజ్ పెట్టా, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

అన్‌లాక్ టూల్‌తో నేనే ప్రయత్నించా. "ఈ అకౌంట్ ఈ డివైస్‌కి బైండ్ అయి లేదు" అంది. నిజమే, అన్‌లాక్ చేసింది బావ అకౌంట్‌తో. ఆ అకౌంట్ ఆయన చైనా సిమ్ నంబర్ మీద ఉంది, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది, పాస్‌వర్డ్ గుర్తులేదు. పాపం, రాత్రి పూట లేపి అడిగితే నిద్రమత్తులో తనకి తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ చెప్పాడు, మా అక్క పుట్టినరోజుతో సహా.

పొద్దున్నే అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్లా. అక్కడొక కుర్రాడు స్క్రీన్ చూడగానే "చైనా పీస్ మీద ఇండియా రోమ్ లాక్ చేశారా?" అన్నాడు. అడక్కుండానే! రోజూ చేసే పెద్దమనిషికి తెలియనిది వీడికి చూపుతోనే తెలిసింది. వెనక అద్దం విప్పి, బోర్డు మీద టెస్ట్ పాయింట్లు కలిపి, కంప్యూటర్‌లో 9008 పోర్టుగా (అంటే ఈడీఎల్ మోడ్‌లో) కనిపించేలా చేసి రాయాలట. అద్దం పగిలితే తన బాధ్యత కాదని ముందే చెప్పాడు, కనీసం అదైనా చెప్పాడు. ఫోన్ అక్కడే ఉంది. లేచినా డేటా పోయినట్టే. ఫోటోలు కంప్యూటర్‌లోకి ముందే తీసుకున్నా, వాట్సాప్ సంగతే మర్చిపోయా.

సామ్‌సంగ్ వాళ్లకి కూడా ఒక మాట. ఇదే మనిషి "నాక్స్ రీసెట్ చేసి వారంటీ తెప్పిస్తా" అని కూడా పోస్టు పెడుతున్నాడు. నాక్స్ అనేది సామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ, దాని వారంటీ గుర్తు లోపల ఉన్న ఈ-ఫ్యూజ్, ఒకసారి కాలితే మళ్లీ అతకదు. 0x0 అంటే బాగుంది, 0x1 అంటే కాలింది. రూట్ చేసి ఒకసారి 0x1 పడితే ఓడిన్‌లో (సామ్‌సంగ్ రోమ్ ఎక్కించే ప్రోగ్రామ్) ఎన్ని స్టాక్ ఫైళ్లు వేసినా 0x0కి రాదు. సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు, యాప్‌లు తాళం వేసి దాచుకునే చోటు) మళ్లీ పనిచేయదు. వెయ్యి ఫోన్లు చేశానన్నవాడికి ఇది తెలియదా? ఇది ముందే గమనించి ఉంటే 1,800 మిగిలేవి.

ఆయన చెయ్యి నా ల్యాప్‌టాప్‌లో తిరిగింది కాబట్టి పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకుంటున్నా. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. డబ్బులు వస్తాయన్న ఆశ లేదు.

ఎవరి దగ్గర చేయించుకున్నా సరే, ఫ్లాష్ కొట్టేముందు ఫైల్ పేరు, కింద ఆప్షన్ మీరే చూడండి. ఫోల్డర్‌లో బ్యాట్ ఫైళ్లు (నొక్కగానే ఫ్లాషింగ్ మొదలుపెట్టేవి) ఉంటే పేరులో "లాక్" ఉన్నదాని జోలికి పోకండి. బ్యాకప్ ముందు, డబ్బులు తర్వాత.

ఈ సాయంత్రం ఆయన దగ్గర స్లాట్ ఉందని ఇద్దరు నాకు మెసేజ్ పెట్టారు, ఇద్దరివీ చైనా పీసులే. తమ్ముళ్లూ, అడ్వాన్స్ పోతే పోయింది, ఎనీడెస్క్ కోడ్ మాత్రం ఇవ్వకండి. వాయిస్ మెసేజ్, స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి, కావాలంటే అడగండి, పంపుతా.