వారం వారం మా టీమ్ మీటింగ్: పదేళ్లకు పైగా వాడాక నా మాట

2014లో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులో గైడ్‌లు, నోట్స్ రాసే డాక్యుమెంటేషన్ టీమ్‌లో చేరాను. అప్పటి నుంచి ఎడిటర్లు మారాయి, ల్యాప్‌టాప్‌లు మారాయి, మొదట్లో ఉన్నవాళ్లలో ఇద్దరమే మిగిలాం. వారపు మీటింగ్ మాత్రం నడుస్తూనే ఉంది, మూడు రూపాలు మార్చుకుని. కొత్తగా టీమ్ పెట్టుకున్నవాళ్లు మీటింగ్ చాట్‌లోనా, వీడియోలోనా, అసలు కావాలా అని అడుగుతుంటారు. మూడూ వాడి చూశాను కాబట్టి చెప్తున్నాను.

మొదటి ఆరేళ్లు అంతా ఐఆర్‌సీలోనే. 1988 నాటి చాట్ పద్ధతి అది. ముఖం లేదు, గొంతు లేదు, ఉన్నవి ఒట్టి అక్షరాలు. టైమ్ కాగానే చైర్, అంటే మీటింగ్ నడిపేవారు, హాజరు అడిగేవారు. అందరూ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం, దాని పక్కన ఒక వాలుగీత కొట్టేవాళ్లం. ఓ అంటే తల, గీత అంటే ఎత్తిన చెయ్యి. ఆ చేతులు స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి పడుతుంటే, పని నా ఒక్కదాని మీదే లేదన్న ధైర్యం వచ్చేది.

ఆ మీటింగ్‌లకి ప్రాణం మీట్‌బాట్, చాట్‌లోనే ఉండి మాటలు రాసి పెట్టే చిన్న ప్రోగ్రామ్. డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కోసం రాసిన ఈ బాట్‌ని తర్వాత ఫెడోరా, ఓపెన్‌స్టాక్ లాంటి ప్రాజెక్టుల టీమ్‌లు కూడా వాడుకున్నాయి. హ్యాష్ గుర్తు పెట్టి ‘టాపిక్’ అంటే కొత్త అంశం మొదలు, ‘అగ్రీడ్’ అంటే నిర్ణయం, ‘యాక్షన్’ అని ఒకరి పేరు, పని రాస్తే అది వాళ్ల ఖాతాలో. ‘ఎండ్‌మీటింగ్’ కొట్టగానే మినిట్స్ (మీటింగ్ సారాంశం) తయారు. లాగ్, అంటే మొత్తం మాటల రికార్డు, విడిగా ఉండేది. మీటింగ్ అయ్యాక కూర్చుని నోట్స్ రాసే శ్రమ ఎవరికీ లేదు. ఇన్నేళ్లలో నేను వాడిన వాటన్నిటిలో ఎక్కువ మార్కులు దీనికే.

అయితే బాట్‌కి మనుషుల సంగతి తెలియదు. ఒకసారి మీటింగ్‌కి రాని మనిషి పేరు మీద రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో మార్పుల జాబితా) పని వేశాం. ఆరు వారాలు అదే లైన్ పాత పనుల జాబితాలో కనపడుతూనే ఉంది. ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయన చూడనూ లేదు. చివరికి ఇద్దరం రాత్రంతా కూర్చుని రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత మా రూల్ ఒకటే: మనిషి చాట్‌లో ఉండి “నేను చేస్తాను” అని తన చేత్తో టైప్ చేస్తేనే యాక్షన్.

నిదానం మాత్రం నిజంగా ఇబ్బందే. గంటలో మూడు అంశాలు తేలితే గొప్ప. పైగా ఐఆర్‌సీలో ఒక మెసేజ్‌కి 512 బైట్ల హద్దు. అక్షరాలని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకి ఇంకో 3. అనువాదాల మీద తెలుగులో మాట్లాడుకుందామంటే వాక్యం మధ్యలోనే తెగేది.

2020లో అందరిలాగే మేమూ వీడియోకి మారాం. మొదట జిట్సీ, తర్వాత బిగ్‌బ్లూబటన్. ఆరేళ్లుగా పేరు మాత్రమే తెలిసినవాళ్ల ముఖాలు చూసిన ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది, కళ్లు చెమర్చాయి. పనీ వేగం అందుకుంది. ఇన్‌స్టాలేషన్ గైడ్‌ని విడగొట్టాలా వద్దా అని రెండు నెలలు సాగిన చర్చ ఇరవై నిమిషాల్లో తేలిపోయింది.

నష్టం మెల్లగా బయటపడింది. మినిట్స్ పలచబడ్డాయి. “చర్చించాం, ఒప్పుకున్నాం” అని రెండు ముక్కలు. గైడ్‌ని అలా ఎందుకు విడగొట్టామని ఆర్నెల్ల తర్వాత కొత్త వాలంటీర్ అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. రికార్డింగ్ ఉంది, కానీ గంట వీడియోలో ఆ మాట ఎక్కడుందో ఎవరు వెతుకుతారు? పాత లాగ్‌లో అయితే ఒక్క సెర్చ్‌తో దొరికేది.

అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. మా టీమ్‌లో ఒకావిడ ఉండేవారు. చాట్‌లో తక్కువ లైన్లే రాసేవారు, కానీ ఆవిడ లైన్ పడ్డాక చర్చ మలుపు తిరిగేది. గైడ్‌లో సగం అధ్యాయాల వరస ఆవిడ సూచించిందే. వీడియో మొదలయ్యాక మ్యూట్‌లోనే ఉండిపోయారు, నాలుగు నెలలకి రావడమే మానేశారు. నెట్ సమస్య అనుకుని మెయిల్ రాశాను. “మీరంతా ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడుతుంటారు. నా వాక్యం నేను తయారు చేసుకునేసరికి అంశం మారిపోతోంది” అని జవాబు. వేగం పెరిగిందని నేను మురిసిపోయిన మీటింగ్‌లు అవే. ఆ మెయిల్‌ని టీమ్ ముందు పెడతానని ఆవిడనే అడిగి, పెట్టాను.

అలా 2022లో మూడో రూపానికి వచ్చాం. అప్పటికి ఐఆర్‌సీ వదిలి మ్యాట్రిక్స్ అనే కొత్త తరం చాట్‌కి మారాం. మీటింగ్‌కి రెండు రోజుల ముందు అందరూ ఒకేసారి రాయగలిగే ఆన్‌లైన్ పేజీ ఈథర్‌ప్యాడ్‌లో అజెండా తెరుస్తాం. ఎవరి అభిప్రాయం వాళ్లు తీరిగ్గా అక్కడే రాయొచ్చు. ఆ రోజుకి పేజీ ఖాళీగా ఉంటే మీటింగ్ రద్దు. నెలకి మూడు వారాలు రాతలో, ఒక వారం వీడియోలో. వీడియోలో అనుకున్నది ఏదైనా రాసి పెట్టి 72 గంటలు ఆగుతాం, ఎవరూ కాదనకపోతేనే ఖాయం. అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో ఓటింగ్‌కి కనీసం 72 గంటలు ఇచ్చే రివాజు చూసి తెచ్చుకున్నదే ఇది. భూమికి ఆ పక్క నిద్రపోతున్నవాళ్లకీ మాట దక్కాలంటే ఆ మాత్రం గడువు కావాలి. ఆవిడ తిరిగి వచ్చారు. ప్యాడ్‌లో రాసే ఒక్కొక్కరికి ఒక్కో రంగు, అందులో ఆవిడ రంగు లైన్లు మళ్లీ కనపడుతున్నాయి.

టైమ్ గురించి ఒక జాగ్రత్త. మీటింగ్‌ని యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే, పెట్టండి. అమెరికాలో వేసవి కోసం గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతాయి, యూరప్‌లో చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు అక్కడివాళ్లకి ఇక్కడివాళ్లకి లెక్క కలవదు. మా దగ్గర ఏటా మార్చిలో కనీసం ఇద్దరు గంట ముందో వెనకో వచ్చి, ఎవరూ లేరని వెళ్లిపోయేవారు. ఇప్పుడు సరి వారాలకి ఒక టైమ్, బేసి వారాలకి ఒక టైమ్, రెండూ యూటీసీలోనే. మార్చి, అక్టోబర్ చివర్లలో అజెండా పైన పెద్ద అక్షరాలతో గుర్తు చేస్తాం.

ఇంకా కుదరనిది చైర్ సంగతి. మీటింగ్ నడపడం కనపడని పని, ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపితే వచ్చే పేరు దీనికి రాదు. అందుకే వంతులు పెట్టుకున్నాం, చైర్‌గా ఉన్నవాళ్ల పేరు ప్రతి రిలీజ్ నోట్స్‌లో కృతజ్ఞతల్లో వేస్తున్నాం. సరి వారాలకి ముగ్గురున్నారు. బేసి వారాల వరసలో మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది.