న్యూస్‌ప్రింట్ మీద ఇంకు తగ్గించాలంటే: మిషన్ మీదా, ఫైల్లోనా? యూసీఆరా, జీసీఆరా?

ఒక నివాళి ప్రకటన. చుట్టూ నిండు నలుపు, మధ్యలో ఒక పెద్దాయన ఫొటో. తెల్లారి పేపరు విప్పితే ఎదురు పేజీ మీద ఆ నలుపు అంటుకుంది. వెనక పేజీలో అక్షరాల మధ్య నుంచి మరకలా కనిపిస్తోంది. ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఫైలు తెరిచి చూస్తే ఆ నలుపులో నాలుగు అచ్చు ఇంకులూ ఉన్నాయి: సయాన్ (నీలి) 75 శాతం, మెజెంటా (గులాబీ ఎరుపు) 68, పసుపు 67, నలుపు 90. ఆర్‌జీబీ (తెర మీది రంగుల) నలుపును ఫోటోషాప్‌ డిఫాల్ట్ అచ్చు ప్రొఫైల్ స్వాప్‌లోకి మారిస్తే వచ్చే అంకెలే ఇవి. కూడితే 300 శాతం. న్యూస్‌ప్రింట్ (దినపత్రిక కాగితం) మీద ఈ మొత్తం 240 దాటకపోవడమే మంచిది. పేపర్లకు వాడే కోల్డ్‌సెట్ ఇంకు వేడికి ఆరదు, కాగితంలోకి ఇంకాలి. ఎక్కువైతే ఇంకే చోటు ఉండదు.

చాలామంది ముందు పట్టుకునేది మిషన్ మీది ఇంకు కీలనే (పేజీలో ఒక్కో నిలువు పట్టీకి ఎంత ఇంకు పడాలో తిప్పే మరలు). నేనైతే వద్దంటాను. ఒక కీ తగ్గిస్తే ఆ ఫొటో ఒక్కటే కాదు, ఆ నిలువు పట్టీలో పైనా కిందా ఉన్నవన్నీ వెలిసిపోతాయి. మా మిషన్ మాస్టారు కూడా "డీటీపీలోనే తగ్గించి పంపు తమ్ముడూ" అంటారు.

ఫైల్లో తగ్గించడానికి దారులు రెండు. యూసీఆర్ (అండర్ కలర్ రిమూవల్) ముదురు బూడిద, నలుపు భాగాల్లో మాత్రమే మూడు రంగులను తగ్గించి నల్ల ఇంకును పెడుతుంది. ముఖాల జోలికి పోదు, అందుకే పొదుపు కూడా తక్కువే. జీసీఆర్ (గ్రే కాంపోనెంట్ రీప్లేస్‌మెంట్) రంగుల్లోకీ వెళ్తుంది. టేకు తలుపు గోధుమరంగు చూడండి: అందులో సయాన్ పని మెజెంటా, పసుపులను మురికి చేయడమే. ఆ సయాన్‌నీ, దానికి సరిపడా మిగతా రెండింటినీ తీసేసి కొంచెం నలుపు వేస్తే కంటికి అదే రంగు. ఇంకు తగ్గుతుంది, రంగు ఇంకుల కన్నా నలుపు చవక కూడా. ఇంకో లాభం నాకు ఇంకా ఇష్టం: బూడిదరంగు నలుపు మీద నిలబడుతుంది కాబట్టి, రన్నింగ్‌లో మెజెంటా కాస్త అటూ ఇటూ అయినా ఫొటో ఎర్రబారదు.

జీసీఆర్‌లో లైట్, మీడియం, హెవీ అని స్థాయిలుంటాయి. మరి హెవీ పెట్టేయొచ్చుగా? వద్దు. న్యూస్‌ప్రింట్ మీద ఫొటోను అచ్చేసే 50 శాతం చుక్క ఉబ్బి 76 దాకా వెళ్తుంది. బుగ్గల మీద పడ్డ నల్ల చుక్కలు కూడా అలాగే ఉబ్బితే మనిషి మసి పూసినట్టు కనిపిస్తాడు.

కాబట్టి రోజువారీ న్యూస్‌ప్రింట్ పేజీలకు నా ఓటు మీడియం జీసీఆర్‌కే, మొత్తం 240 లోపు. ముఖం పెద్దగా ఉన్న ఫొటోకు యూసీఆర్. మ్యాప్‌లితో కాగితానికి 300 దాకా ఫర్వాలేదు, లైట్ జీసీఆర్ సరిపోతుంది.

అక్షరాలకు మాత్రం ఈ చర్చే లేదు: నలుపు 100, ఓవర్‌ప్రింట్ (కింది రంగును కత్తిరించకుండా దాని మీదే అచ్చు), అంతే. నాలుగు రంగుల్లో పడితే రిజిస్టర్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి తప్పినా వత్తులు అలుక్కుపోతాయి. ప్లేటుకు పంపేముందు అక్రోబాట్ అవుట్‌పుట్ ప్రివ్యూలో హద్దు 240 పెట్టి చూడండి, దాటిన చోట్లు రంగుతో తేలతాయి.

ఆ నివాళిని మళ్లీ వేశాం. నేపథ్యానికి నలుపు 100, సయాన్ 40, అంటే మొత్తం 140. పెద్దాయన ముఖానికి యూసీఆర్. ఈసారి ఎదురు పేజీ తెల్లగా ఉంది.