మా వీధి పిండిమర, షర్బతి గోధుమలు: మూడు నెలల అనుభవం

తమిళనాడులో ఒక రోలర్ ఫ్లోర్ మిల్లులో ఇరవై రెండేళ్లు గోధుమలు పరీక్షించే పని చేశాను. రిటైరై నెల్లూరు వచ్చాక ప్యాకెట్ పిండి మానేశాం. మూడు నెలలుగా మా వీధి చివర మరలోనే గోధుమలు కొని అక్కడే పట్టిస్తున్నాం.

అక్కడ ఉండేవి రెండు రకాలే. మధ్యప్రదేశ్ షర్బతి కిలో 60, లోక్‌-1 కిలో 42. పట్టినందుకు కిలోకి 8 రూపాయలు. షర్బతి గింజ బంగారు రంగు, చేతిలో బరువు తెలుస్తుంది, నమిలితే సన్నగా తీపి. సీహోర్ వైపు నల్లరేగళ్లలో పండే ఈ గోధుమకు 2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు) వచ్చింది. రెండో నెల సరుకులో తాలు ఎక్కువుంది. చెబితే మర అబ్బాయి చేట చేతికిచ్చి, "చెరుక్కోండి సార్, తాలు పోయాకే తూకమేస్తా" అన్నాడు. అట్లాగే వేశాడు. ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది.

మొన్న నా పక్కన నిలబడ్డ ఒకామె "ఫారిన్ గోధుమలు లేవా?" అని అడిగింది. 2016 డిసెంబరులో దిగుమతి సుంకం ఎత్తేశాక, తూత్తుకుడి రేవులో దిగిన ఆస్ట్రేలియా గోధుమల శాంపిళ్లు నా చేతుల మీదుగా పోయాయి. ఆ ఆర్థిక సంవత్సరం దేశంలోకి దాదాపు 57 లక్షల టన్నులు వచ్చాయి. పంజాబ్ నుంచి అంత దూరం రైలు కిరాయి కడితే మాకు ఓడ సరుకే గిట్టుబాటయ్యేది. పైగా ఆ గింజ బాగా ఎండి ఉంటుంది. ఆడించేముందు నీళ్లు ఎక్కువ పట్టించొచ్చు, ఆ బరువు మిల్లుకు మిగులు. అదంతా మిల్లు లెక్క. చపాతీకి మాత్రం మన షర్బతి దేనికీ తీసిపోదని నేను గట్టిగా చెప్తాను. 2019 నుంచి సుంకం 40 శాతం, కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఫారిన్ గోధుమలని చవగ్గా అమ్మజూపితే బస్తా మీద ముద్ర చూపించమనండి.

మా వీధిది రాతిమర. అందులో పిండి బాగా నలిగి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. పొద్దున కాల్చిన చపాతీ సాయంత్రానికీ మెత్తగానే ఉంటోంది. మా ఆవిడ నూనె కూడా తగ్గించేసింది.

లోపం ఒకటుంది. ముందువాళ్ల సజ్జలు పట్టాక రాళ్లు తుడవరు. ఒకసారి మా పిండంతా బూడిదరంగుకు తిరిగింది. పొద్దున్నే మొదటి గిరాకీగా వెళ్లండి, లేదంటే తొలి పావుకిలో వేరే సంచిలో పట్టమనండి. పిండి వేడిగా దిగుతుంది, గుడ్డ మీద ఆరబోశాకే డబ్బాకెత్తండి.