పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10: పదేళ్ల వాడకం, ఒక మొండి అప్‌డేట్

నల్లగొండలో నేను నడుపుతున్న చిన్న డీటీపీ దుకాణంలో 2014 లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఇప్పటికీ రోజూ పని చేస్తున్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్‌తో విండోస్ 7 మీద మొదలైన ఈ యంత్రాన్ని, ఉచితంగా మారే గడువు 2016 జూలై 29 తో ముగుస్తుందని తెలిసి, ఆ నెలలోనే విండోస్ 10 కు మార్చుకున్నాను. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతోనే తయారవుతాయి. ఆ ఫైళ్లను మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు ఒక చోట, గుణింతాలు మరో చోట పడతాయి కాబట్టి, పాత కంప్యూటర్‌ను వదులుకోలేకపోవడానికి కారణం పిసినారితనం మాత్రమే కాదు.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాను. హార్డ్ డిస్క్ ఉన్నన్నాళ్లు ఉదయం స్విచ్ వేసి, బయటికి వెళ్లి చాయ్ తాగి వచ్చినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం నూటికి నూరు చూపేది. 2021 లో 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) వేయించి, పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు దాని మీదికి క్లోన్ చేయించిన తరువాత ఆ బాధ తీరింది. కానీ క్లోనింగ్‌లో పాత రికవరీ పార్టిషన్, అంటే మరమ్మతు ఫైళ్లకు డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం, అదే చిన్న కొలతతో కొత్త డిస్క్‌కు వచ్చిందని అప్పుడు నేను గమనించలేదు.

2024 జనవరి 9న విడుదలైన కేబీ 5034441 అనే భద్రతా అప్‌డేట్ దిగి, కొంతదూరం నడిచి, 0ఎక్స్80070643 అనే సంఖ్య చూపి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించు అన్న బటన్ నొక్కిన ప్రతిసారీ అదే వరస. ఆ సంఖ్యకు ఇన్‌స్టలేషన్ విఫలమైందని తప్ప వేరే అర్థం లేదు. విండోస్‌లోని డాట్‌నెట్ అనే భాగం చెడిపోయినా, మరొకటి చెడిపోయినా అదే కనిపిస్తుంది. అందుకే నేను దారి తప్పాను. ట్రబుల్‌షూటర్ నడిపాను, అప్‌డేట్ సేవలను ఆపి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చాను, విండోస్ ఫైళ్లను సరిచూసి బాగుచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్, ఆ తరువాత డిజమ్ రిస్టోర్‌హెల్త్ ఆదేశాలు ఇచ్చాను, యాంటీవైరస్ తీసివేశాను. ఫైళ్లలో ఏ లోపమూ లేదని స్కాన్ తేల్చింది. చివరికి పిలిపించుకున్న మెకానిక్ పది నిమిషాలు చూసి ఫార్మాట్ చేద్దామన్నాడు. మన దగ్గర కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా మందు అదొక్కటే. ఫాంట్లు, ప్రింటర్ అమరికలు, పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం తలచుకొని వద్దన్నాను.

అసలు కారణం వేరే చోట ఉంది. ఈ అప్‌డేట్ మనం రోజూ వాడే విండోస్‌ను కాక, అది తెరుచుకోనప్పుడు మరమ్మతుకు ఉపయోగపడే రికవరీ భాగాన్ని సవరిస్తుంది. అందుకు రికవరీ పార్టిషన్‌లో 250 మెగాబైట్ల ఖాళీ కావాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే నా పార్టిషన్ మొత్తమే 505 మెగాబైట్లు, అందులో చాలా భాగం నిండి ఉంది. సీ డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా, పక్క గదిలో చోటు లేక పని ఆగిందన్నమాట.

పార్టిషన్‌ను పెంచడానికి అరగంట పట్టింది, అయితే ఆదేశాల వరుసే ఇక్కడ ప్రాణం. ముందుగా ఫైళ్లన్నిటినీ బయటి డిస్క్‌లోకి తీసి, యూపీఎస్ బ్యాటరీ నిండిందని చూసుకున్నాను, ఎందుకంటే పార్టిషన్ మారుస్తుండగా కరెంటు పోతే జరిగే నష్టం ఫార్మాట్ కన్నా పెద్దది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రికవరీ భాగాన్ని నడిపే రీఏజెంట్‌సీ అనే సాధనపు ఇన్ఫో ఆదేశంతో రికవరీ ఏ పార్టిషన్‌లో ఉందో చూసి, తరువాత దానిని డిజేబుల్ చేశాను. అలా చేసినప్పుడు మరమ్మతు సాధనమంతా ఉండే విన్‌ఆర్‌ఈ అనే ఫైలు సీ డ్రైవ్‌లోని సిస్టమ్32 లోపల ఉన్న రికవరీ ఫోల్డర్‌కు తిరిగి వస్తుంది. అది వచ్చిందని కళ్లతో చూసిన తరువాతే పార్టిషన్‌ను తొలగించాలి, లేకపోతే మరమ్మతు సాధనమే పోతుంది. ఆ తరువాత పార్టిషన్లను మార్చే డిస్క్‌పార్ట్ అనే సాధనంలో సీ డ్రైవ్‌ను 250 మెగాబైట్లు కుదించి, పాత రికవరీ పార్టిషన్‌ను తొలగించి, రెండూ కలిసిన చోటులో కొత్తది సృష్టించి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేశాను. డిస్క్‌లో పార్టిషన్ల పట్టికను రాసుకునే పద్ధతులు రెండు, పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. విండోస్ 7 కాలం నాటి నా డిస్క్ ఎంబీఆర్ పద్ధతిది కనుక, ఇది రికవరీ పార్టిషన్ అని తెలిపే గుర్తింపు సంఖ్యగా 27 ఇస్తే చాలింది. జీపీటీ డిస్క్ అయితే పొడవాటి వేరే కోడ్ ఇవ్వవలసి ఉంటుంది. రీఏజెంట్‌సీని తిరిగి ఎనేబుల్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే, నెలలుగా మొండికేసిన అప్‌డేట్ రెండు మూడు నిమిషాలలో ఎక్కింది.

అయితే ఇంత శ్రమ నాకు అవసరమా అంటే, నిజాయితీగా చెప్పాలి, పెద్దగా లేదు. ఆ అప్‌డేట్ పూడ్చిన లోపం, రికవరీ మార్గంలో బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా తాళం వేసే విండోస్ సదుపాయం) రక్షణను దాటవేయగలిగేది; కంప్యూటర్ చేతిలో ఉన్నవాడికే అది సాధ్యం. నా డిస్క్‌కు బిట్‌లాకర్ లేనే లేదు. నెలనెలా వచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు ఈ వైఫల్యంతో సంబంధం లేకుండా ఎక్కుతూనే ఉన్నాయి. ఆ సంగతి మొదటే చదివి ఉంటే ఆ ఎర్ర అక్షరాలను పట్టించుకోకుండా పత్రికల పని చూసుకునేవాడిని. బిట్‌లాకర్ వాడే ల్యాప్‌టాప్ వెంట పెట్టుకొని తిరిగేవారు మాత్రం ఈ పని చేసుకోవలసిందే.

విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 కు కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కనుక నా యంత్రానికి ఆ దారి మూసుకుపోయింది. అడ్డదారిలో ఎక్కించుకునే ఉపాయాలు ఉన్నాయి గానీ, దుకాణం నడిచే కంప్యూటర్ మీద అటువంటి ప్రయోగం చేయలేను. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేసి అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నాను, అవి 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. బ్యాంకు పనులన్నీ ఇప్పటికే ఫోన్‌కు మార్చాను. ఆ తేదీ దాటిన తరువాత నెట్ కేబుల్ తీసివేసి, ప్రింటర్‌ను, పేజ్‌మేకర్‌ను మాత్రం దీనికే ఉంచుతాను.