గుండు ఉచితంగా కొట్టే ఊళ్లో డబ్బులిచ్చి చేయించుకునే క్షవరం

కొండమీద కళ్యాణకట్టలో గుండుకు పైసా తీసుకోరు. కింద తిరుపతిలో కటింగుకు 150 రూపాయలు. అయినా బైరాగిపట్టెడలో బోర్డు కూడా లేని ఈ సెలూన్‌లో ఆదివారం పొద్దున బెంచీ మీద చోటు దొరకదు. జనమంతా జుట్టు కోసమే వస్తున్నారంటే నేను నమ్మను.

నేను ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్, దిగేది 1944 నాటి పాత ఘాట్. ఎక్కేటప్పుడు కిటికీ సీటు కోసం కొట్లాట. దిగేటప్పుడు అద్దంలో చూస్తే బస్సు నిండా గుండ్లు, వాటి మీద గంధం. ఎవరు ఆఫీసరో ఎవరు అటెండరో తెలిసేది కాదు. దేవుడి దగ్గర అందరూ సమానమే కదా అని ఒకసారి షాపాయనతో అన్నాను. కత్తెర ఆపాడు.

"టోపీ కొనేదాకానే డ్రైవరన్నా. ఒకడు అడిగినంత ఇచ్చేసి పోతాడు. ఇంకొకడు పది రూపాయల కోసం అరగంట బేరమాడి, చివరికి తువ్వాలు చుట్టుకుంటాడు."

"అడిగినంత ఇచ్చేవాడు డబ్బున్నోడు, అంతేగా?"

"కాదు నా. వాడు అప్పు చేసి వచ్చినోడు."

అదీ ఈ షాపు సరుకు. టీవీలో ఎస్వీబీసీ పెట్టి సౌండు తీసేస్తాడు. మధ్యాహ్నం స్వామివారి కల్యాణోత్సవం వస్తుంటే, "రోజూ పెళ్లి చేసుకునే ధైర్యం ఆయనకే ఉంది నా, అదీ కుబేరుడి అప్పు తీరకముందే" అంటాడు. పెళ్లిచూపులకు పోయే కుర్రాడు కుర్చీలో కూర్చుంటే ముందే చెప్పేస్తాడు: "ఈరోజు అద్దంలో నిన్ను నువ్వు చూసుకుంటావు. రెండేళ్లాగి రా, నా వెనకాల గడియారం చూస్తుంటావు." బెంచీ మీద ఉన్న పెళ్లైనవాళ్లంతా ఆ మాటకు గడియారం వైపు చూశారు. నేనూ చూశాను.

ఇక పని సంగతి. చేయి తేలిక. కొత్త బ్లేడు మన కళ్లముందే కాగితం విప్పి, సగానికి విరిచి పెడతాడు. గడ్డం అయ్యాక పటిక రుద్దుతాడు, మంట ఉంటుంది. పిల్లలకు కుర్చీ చేతుల మీద చెక్క అడ్డంగా వేస్తాడు. ఆ చెక్క ఎక్కగానే ఏడవని పిల్లోణ్ణి నేనింకా చూడలేదు. తల మసాజ్ బాగుంటుంది గానీ చివర్లో మెడ పట్టుకుని టక్కుమనిపిస్తాడు, నా వయసువాళ్లు ముందే వద్దని చెప్పుకోవాలి. తువ్వాళ్లు మాత్రం ఇంకాస్త తరచుగా ఉతకొచ్చు.

అసలు కంప్లయింటు వేరే ఉంది. కత్తి గొంతు మీద ఉన్నప్పుడే, "ఈసారి ఓటు ఎవరికి నా?" అని అడుగుతాడు. అప్పుడు ఆయన పార్టీకి వ్యతిరేకంగా తల ఊపే మగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఎన్నికల ముందు సర్వేలు చేసేవాళ్లు ఇక్కడికి రాకుండా ఉంటే మంచిది.

మొన్న పని లేక అడిగాను, "సంతోషం అంటే ఏందప్పా?"

బ్రష్‌తో మెడమీద వెంట్రుకలు దులుపుతూ అన్నాడు: "ఇదే నా, ఈ ఒక్క నిమిషం. కాలర్‌లో ఒకటి మిగిలిందని ఇంటికి పోయినాకే తెలుస్తుంది."

నిజంగానే మిగిలింది. ఆ మాట బాగుందని ఒప్పుకుంటాను గానీ, 150 తీసుకున్నాక ఇంకో రెండుసార్లు దులిపితే ఏం పోయింది?

మంగళవారం సెలవు. గంగజాతర వారంలో షాపు తెరిచే ఉంటుంది, ఆయన ఉండడు. మీసం తీయకుండానే చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయుంటాడు. ఆ రోజుల్లో కుర్చీ దగ్గర అసిస్టెంటు కుర్రాడు ఉంటాడు. వాడు మాట్లాడడు, చెవి పక్క జుట్టు రెండువైపులా ఒకేలా కత్తిరించడు. వారం ఆగి వెళ్లండి.