ఆ 899 రూపాయల కప్ కాంబో జోలికి పోకండి, నొప్పి తగ్గకపోగా పెరిగింది

అమ్మాయిలూ, రీల్స్‌లో తిరుగుతున్న "మెన్‌స్ట్రువల్ కప్ ప్లస్ పెయిన్ రోల్ ఆన్" కాంబో (పీరియడ్స్‌లో రక్తం పట్టడానికి లోపల పెట్టుకునే చిన్న కప్పు, నొప్పి ఉన్న చోట రాసుకునే మందు) ఆర్డర్ పెట్టబోయేవాళ్లు ఉంటే రెండు నిమిషాలు ఆగండి. నేను పెట్టాను, డబ్బులు పోయాయి, ఒక రోజంతా నరకం చూశాను.

నేనుండేది అమీర్‌పేటలో హాస్టల్, నలుగురికి ఒక బాత్రూం, ఆఫీసేమో హైటెక్ సిటీలో, డేట్ వచ్చిన మొదటి రోజు మెట్రోలో నిలబడి వెళ్లడం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. "కప్ పెట్టుకుంటే క్రాంప్స్ మాయం, ఒకే సైజు అందరికీ సరిపోతుంది" అని ఆ యాడ్‌లో అమ్మాయి నవ్వుతూ చెప్తుంటే నమ్మేశాను. చెప్పులకే సైజులుంటాయి కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

పార్సిల్ విప్పగానే అనుమానం రావాల్సింది. డబ్బా మీద తయారు చేసినవాళ్ల పేరు లేదు, అడ్రస్ లేదు, ఎంఆర్‌పీ లేదు, ఏ దేశంలో తయారైందో కూడా లేదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ, దిగుమతి సరుకైతే దేశం పేరు కూడా ఉండాలని మన దగ్గర రూలు. హాస్టల్ వంటామెను బతిమాలి ఒక పాత గిన్నె తెచ్చుకుని (దేనికమ్మా అంటే ఏం చెప్పాలో తెలియక నవ్వేశాను) వాడే ముందు కప్‌ని నీళ్లలో మరిగిస్తే సైకిల్ ట్యూబ్ కాలిన వాసన. అంచు మీద అతుకు గీత గోటికి గరుగ్గా తగులుతోంది. అయినా పెట్టుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఆ కప్ ఎంత గట్టిగా ఉందంటే లోపల స్ప్రింగులా విచ్చుకుంది. గంటలో పొత్తికడుపు బరువెక్కింది, మాటిమాటికీ యూరిన్ వస్తున్నట్టే ఉంది, నొప్పి రెట్టింపు. తీసేద్దామని తోక పట్టుకుని లాగితే ప్రాణం పోయినంత పనైంది. అలా లాగకూడదట. కప్ లోపల గాలి పట్టేసి అతుక్కుని ఉంటుంది, అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి ఆ పట్టు వదిలించాక మెల్లగా తీయాలట. డబ్బాలో ఒక్క కాగితం ముక్క పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? ఇక రోల్ ఆన్ రాసుకుని దానిమీద హాట్ వాటర్ బ్యాగ్ పెట్టాను, చర్మం ఎర్రగా మండిపోయింది. అలాంటి మంట పుట్టించే మందులు రాసిన చోట వేడి తగిలించకూడదని తర్వాత తెలిసింది.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే "హైజీన్ ప్రాడక్ట్ మేడమ్, రిటర్న్ ఉండదు" అన్నారు. డబ్బాకి ఫొటోలు తీసి పంపాక బ్లాక్ చేశారు. 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా తేలలేదు.

లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు తిట్టారు, తర్వాత ఓపిగ్గా చెప్పారు. కప్ రక్తాన్ని పట్టుకుంటుందంతే, నొప్పికి మందు కాదు. ప్రోస్టాగ్లాండిన్లు అని ఒంట్లో తయారయ్యే రసాయనాలు గర్భాశయాన్ని బిగపట్టిస్తాయి, నొప్పి అందువల్ల. సైజుకైతే కాన్పు అయిందా లేదా, బ్లీడింగ్ ఎంత, సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) ఎంత ఎత్తులో ఉంది అని చూసుకోవాలి. పీరియడ్స్‌లో చేతులు శుభ్రంగా కడుక్కుని వేలితో తడిమితే ఆ ఎత్తు తెలుస్తుంది, కిందికి ఉంటే పొట్టి కప్, నాలాగా యూరిన్ ఇబ్బంది వచ్చేవాళ్లకి మెత్తటిది. కాపర్ టీ ఉన్నవాళ్లు కప్ పెట్టుకునే ముందు డాక్టర్‌ని అడగండి, తీసేటప్పుడు దాని దారాలు కూడా లాగే ప్రమాదం ఉంది.

నొప్పి మాత్రల మాట కూడా చెప్పాలి. మా రూమ్‌లో అందరం మెఫెనమిక్ యాసిడ్ చాక్లెట్లలా మింగేవాళ్లం. 2023 చివర్లో మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిమీద హెచ్చరిక ఇచ్చింది, అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలెర్జీ రావచ్చని. వేసుకున్నాక జ్వరం, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ రకం మాత్రలు అడక్కుండా అసలు వేసుకోవద్దు. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, డేట్ కాని రోజుల్లో వస్తున్నా స్కాన్ చేయించుకోండి, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటిది ఉండొచ్చు. "పెళ్లయితే తగ్గిపోతుందిలే" అనే అత్తయ్యల మాట వినొద్దు.

ఈసారి మెడికల్ షాపులో డబ్బా నాలుగు వైపులా తిప్పి చదివి ఒక మెత్తటి చిన్న కప్ కొన్నాను. మొదటి నెల లీకైంది, రెండో నెలకి చెయ్యి తిరిగింది. నొప్పి మాత్రం మొదటి రోజు వస్తూనే ఉంది, అమ్మ చెప్పిన వాము నీళ్లు, హాట్ వాటర్ బ్యాగ్, తిన్నాక డాక్టర్ రాసిన మాత్ర, అలా లాక్కొస్తున్నాను.

అన్నట్టు నిన్న అదే వీడియో, అదే అమ్మాయి, పేజీ పేరు మాత్రం వేరే. కాంబో ఇప్పుడు 799 అట.